నార్త్ కరోలినా ఓపియాయిడ్ సెటిల్‌మెంట్ డబ్బు: కౌంటీకి ఎలా వస్తుంది, లెక్క ఎవరు అడుగుతారు?

మోరిస్‌విల్_వాసి:

అందరికీ నమస్కారం. మా కౌంటీ కమిషనర్ల సమావేశం ఎజెండాలో ‘ఓపియాయిడ్ సెటిల్‌మెంట్ ఫండ్, ఎగ్జిబిట్ ఎ, స్ట్రాటజీ 3, 4, 7’ అని ఒక తీర్మానం పెట్టారు. (ఓపియాయిడ్ అంటే వ్యసనంగా మారే నొప్పి మందులు.) పక్కన మొత్తాలు వేశారు, అంతకు మించి వివరం లేదు. ఈ డబ్బు ఏ దారిన కౌంటీకి చేరుతుంది? ఖర్చు దారి తప్పితే పట్టుకునేదెవరు? ఇంకొకటి, మన తెలుగు సంఘం టీనేజ్ పిల్లల తల్లిదండ్రులకు ఈ మాత్రల మీద అవగాహన కార్యక్రమం పెట్టాలనుకుంటోంది. అందులోంచి ఏమైనా అడగొచ్చా?

పద్దుల_శాస్త్రి:

ముందు దారి సంగతి. 2021 జులైలో మెకెసన్, కార్డినల్ హెల్త్, అమెరిసోర్స్‌బెర్గెన్ అనే మూడు మందుల పంపిణీ కంపెనీలు, వాటితోపాటు జాన్సన్ అండ్ జాన్సన్, ఈ వ్యసనం వ్యాపించడం మీద రాష్ట్రాలు, స్థానిక ప్రభుత్వాలు వేసిన దావాల్లో మొత్తం 26 బిలియన్ డాలర్లకు దేశవ్యాప్త రాజీకి వచ్చాయి. ఇందులో పంపిణీ కంపెనీలది 21 బిలియన్లు, 18 ఏళ్ల వాయిదాల్లో. 2022 చివర్లో రెండో విడత రాజీలు: వాల్‌మార్ట్, సీవీఎస్, వాల్‌గ్రీన్స్, టెవా, అలర్గన్. అన్నీ కలిపి నార్త్ కరోలినాకి 2038 దాకా దాదాపు ఒకటిన్నర బిలియన్లు.

రాష్ట్రంలో పంపకానికి అటార్నీ జనరల్ కార్యాలయం, కౌంటీలు, నగరాలు కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయి. అందరూ ఎంఓఏ అనేది దాన్నే. రాష్ట్ర ప్రభుత్వానికి 15 శాతం, స్థానిక ప్రభుత్వాలకు 85 శాతం. స్థానిక ప్రభుత్వాలంటే ఇక్కడ మొత్తం 100 కౌంటీలు, 17 నగరాలు. ఆ 15 శాతాన్ని శాసనసభ బడ్జెట్‌లో కేటాయిస్తుంది. మీరు ఎజెండాలో చూసింది 85 లో భాగం, దాని మీద నిర్ణయం మీ కమిషనర్లదే. రెండో విడత కంపెనీల డబ్బుకు ఇదే పద్ధతిలో అనుబంధ ఒప్పందం ఉంది, సాఫ్ అంటారు.

మోరిస్‌విల్_వాసి:

అంటే డబ్బు రాష్ట్ర రాజధాని రాలీకి వెళ్లి అక్కడి నుంచి కౌంటీకి రాదా?

పద్దుల_శాస్త్రి:

రాదండీ. జాతీయ స్థాయిలో ఒక సెటిల్‌మెంట్ నిర్వాహక సంస్థ ఉంది, అక్కడి నుంచి నేరుగా కౌంటీ ఖాతాలో పడుతుంది. ఏ కౌంటీకి ఎంత శాతమో ఒప్పందం వెనక అనుబంధ పట్టికలో ఉంటుంది. ఆ శాతానికి మూలం మూడు కొలతలు: కౌంటీకి చేరిన ఓపియాయిడ్ మాత్రల పరిమాణం, ఓవర్‌డోస్ మరణాలు, ఈ వ్యసనంతో బాధపడుతున్నవారి సంఖ్య. అందుకే జనాభా తక్కువైన కొండ ప్రాంతపు కౌంటీలకు తలసరి లెక్కన ఎక్కువ వస్తుంది, వేక్ లాంటి పెద్ద కౌంటీకి తలసరి తక్కువ పడుతుంది. ‘మన జనాభా ఇంత, మనకి ఇంతేనా’ అని సమావేశాల్లో తరచూ అడుగుతుంటారు. జవాబు ఈ మూడు కొలతల్లోనే ఉంది.

కౌంటీలో అడుగుపెట్టాక ఈ డబ్బు జనరల్ ఫండ్‌లో, అంటే కౌంటీ సాధారణ ఖజానాలో, కలవకూడదు. దీనికోసం ప్రత్యేక రెవెన్యూ ఫండ్ తెరవాలి. దాని మీద వచ్చే వడ్డీ కూడా అందులోనే ఉండాలి. జూన్ 30 న ఆర్థిక సంవత్సరం ముగిసినప్పుడు మిగులు ఆ ఫండ్‌లోనే ఉండిపోతుంది.

ఆర్‌టీపీ_రమణి:

మీ అవగాహన కార్యక్రమం సంగతి నేను చెప్తాను, దానికి ముందు ఆప్షన్ ఎ, ఆప్షన్ బి తేడా తెలియాలి.

ఆప్షన్ ఎ అంటే ఒప్పందం వెనక ఎగ్జిబిట్ ఎ అనే అనుబంధంలో ఉన్న 12 వ్యూహాలు (స్ట్రాటజీలు): కలిసి ప్రణాళిక వేసుకోవడం, ఆధారాలున్న వ్యసన చికిత్స, కోలుకుంటున్నవారికి తోడ్పాటు, వారికి ఇళ్లు, ఉద్యోగ సాయం, పిల్లల్లో తొలి దశలోనే గుర్తించడం, నలోక్సోన్ (ఓవర్‌డోస్‌కి విరుగుడు మందు) పంపిణీ, ఓవర్‌డోస్ అయినవారి ఇంటికి వెళ్లే బృందాలు, సిరంజి సేవలు (శుభ్రమైన సూదులు ఇవ్వడం), జైలుకి బదులు చికిత్సకు మళ్లించడం, జైల్లో చికిత్స, విడుదలయ్యాక సాయం. వీటిలో దేనికైనా కౌంటీ బోర్డు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. మీరు చూసిన 3, 4, 7 అంటే కోలుకునేవారికి తోడ్పాటు, ఇళ్లు, నలోక్సోన్.

ఆప్షన్ బి జాబితా చాలా పెద్దది. కానీ అందులోంచి ఏదైనా తీసుకోవాలంటే కౌంటీ ముందు ఎగ్జిబిట్ సి లో చెప్పిన ప్రణాళికా ప్రక్రియ పూర్తిచేయాలి. సంబంధమున్న అందరినీ పిలవాలి, ఒక ఫెసిలిటేటర్‌ని పెట్టాలి, స్థానిక గణాంకాలు చూడాలి, ఇప్పటికే ఏం నడుస్తోంది, ఎక్కడ ఖాళీ ఉందో గుర్తించాలి, ప్రాధాన్యాలు, ఖర్చు, కాలవ్యవధి రాయాలి. చివరికి నివేదిక, సిఫారసులు బోర్డు ముందు పెట్టాలి. ఇంత పని ఉంది కాబట్టే చాలా కౌంటీలు ఎ తోనే సరిపెట్టుకుంటాయి.

సాధారణ తల్లిదండ్రులకు అవగాహన సదస్సు అంటే అది నివారణ కింద బి లోకి పోతుంది. అదే కార్యక్రమాన్ని, ఇబ్బందిలో ఉన్న టీనేజర్లను గుర్తించి సహాయానికి పంపేలా పెద్దలకు శిక్షణగా మలిస్తే స్ట్రాటజీ 6 కిందికి వచ్చే అవకాశం ఉంది. ఆ వ్యూహంలో యూత్ మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్ శిక్షణను పేరు పెట్టి ఉదహరించారు. కాబట్టి హాలు, భోజనాలు, వక్త అని అడిగితే పని కాదు. ఎంతమందికి ఏ శిక్షణ, తర్వాత వాళ్లు ఎవర్ని ఎక్కడికి పంపుతారు అనేది రాసి అడగాలి.

వరంగల్_టు_షార్లెట్:

అన్నా, అంతా మంచిగనే ఉంది గానీ, షెరీఫ్ ఆఫీసుకు కొత్త బండ్లు కొంటే ఎవరు ఆపుతరు? ‘డ్రగ్స్ మీద పోరాటం’ అని రాసుకుంటే అయిపాయె కదా.

పద్దుల_శాస్త్రి:

అలా రాసుకుంటే కుదరకూడదనే తీర్మానానికి ఒక అచ్చు పెట్టారు. ఫండ్‌లోంచి డాలరు కదలకముందే బోర్డు బడ్జెట్‌లో గానీ తీర్మానంలో గానీ మూడు సంగతులు రాయాలి. ఇది ఓపియాయిడ్ సెటిల్‌మెంట్ నిధుల ఖర్చుకు అనుమతి అని స్పష్టంగా ఉండాలి. ఏ ఎగ్జిబిట్‌లో ఏ అక్షరం, ఏ అంకె కింద ఖర్చో ఉండాలి. ఒక్కో వ్యూహానికి ఎంత మొత్తం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అనేది ఉండాలి.

సరిగ్గా రాసింది ఇలా ఉంటుంది: ‘ఎగ్జిబిట్ ఎ, స్ట్రాటజీ 7, నలోక్సోన్ పంపిణీకి, 2025 జులై 1 నుంచి 2026 జూన్ 30 వరకు, ఇన్ని డాలర్లు.’ తప్పుగా రాసింది ఇలా: ‘వ్యసన నివారణ, శాంతిభద్రతల అవసరాలకు ఇన్ని డాలర్లు.’ రెండోదానిలో అంకె లేదు, గడువు లేదు, రెండు పనుల డబ్బు ఒకే మూటలో కట్టారు. ఇలాంటిది కనబడితే సమావేశంలో ఒక్క ప్రశ్న చాలు: ఏ ఎగ్జిబిట్, ఏ అంకె? పెట్రోలింగ్ బండి ఎగ్జిబిట్ ఎ లో ఏ అంకె కిందా ఇమడదు.

ఆ తర్వాత ఇంకో గేటు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. బోర్డు తీర్మానం చేశాక కౌంటీ ఒక లాభాపేక్ష లేని సంస్థతో ఒప్పందం రాసుకుంటుంది. రాష్ట్ర చట్టం ప్రకారం ఆ ఒప్పందం మీద ముందస్తు ఆడిట్ (ఖర్చుకు బడ్జెట్‌లో డబ్బుందా అని ముందే చూడటం) జరిగిందన్న వాక్యం, కింద ఫైనాన్స్ అధికారి సంతకం ఉండాలి. ఆ ముందస్తు ఆడిట్ జరగకపోతే ఒప్పందం చెల్లదు. సంస్థ పని మొదలుపెట్టేసి, జీతాలిచ్చేసి, బిల్లు పంపాక ఇది బయటపడితే నష్టపోయేది ఆ సంస్థే. తీర్మానం ఆమోదం పొందింది కదా అని పని మొదలుపెట్టొద్దు, సంతకమైన ఒప్పందం చేతికొచ్చాకే మొదలుపెట్టాలి.

డ్యూటీ_నర్సు:

చికిత్స వైపు నుంచి కొన్ని మాటలు. 2023 డిసెంబర్ 1 న నార్త్ కరోలినాలో మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా) విస్తరణ అమలైంది. అంతకుముందు బీమా లేని చాలామందికి బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ అనే వ్యసన చికిత్స మందుల ఖర్చు ఇప్పుడు మెడికెయిడ్ భరిస్తుంది. కాబట్టి సెటిల్‌మెంట్ డబ్బుతో మెడికెయిడ్ ఇచ్చేదాన్నే మళ్లీ కొంటే దండగ. మెడికెయిడ్ ఇవ్వనిది చూడాలి: ఇంటి అద్దె అడ్వాన్సు, జైల్లో చికిత్స.

అందులో జైలే అన్నిటికన్నా పెద్ద ఖాళీ. లోపల ఉన్నన్నాళ్లు సాధారణంగా మెడికెయిడ్ చెల్లించదు. బయట మందు తీసుకుంటున్న మనిషి అరెస్టయి మందు ఆగిపోతే ఒంట్లో తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, విడుదలయ్యాక పాత మోతాదు తీసుకుంటే ప్రాణం పోతుంది. తొలి రెండు వారాలే అత్యంత ప్రమాదం. స్ట్రాటజీ 11 కింద కౌంటీ డబ్బు ఇచ్చేటప్పుడు మందు ఖరీదు ఒక్కటే లెక్కేస్తే సరిపోదు. నాలుక కింద పెట్టే ఫిల్మ్ అయితే ఒక్కొక్కరి దగ్గరా అది కరిగేదాకా నర్సు, ఒక అధికారి నిలబడాలి. నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ అయితే ఆ మనుషుల సమయం మిగులుతుంది, దొంగచాటుగా చేతులు మారడం ఉండదు, కానీ ఒక్కో డోసు ధర చాలా ఎక్కువ. బడ్జెట్‌లో ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టమని అడగండి. విడుదల రోజు చేతికి నలోక్సోన్, మెడికెయిడ్ తిరిగి మొదలయ్యే కాగితం, క్లినిక్ అపాయింట్‌మెంట్ తేదీ, ఈ మూడూ లేకపోతే లోపల చేసిన ఖర్చంతా నీళ్లపాలు.

స్ట్రాటజీ 4 గురించి కూడా. కోలుకునేవారి ఇళ్లలో కొన్ని ‘ఏ మందూ వాడకూడదు’ అనే నిబంధన పెడతాయి, డాక్టరు రాసిన మెథడోన్ కూడా. ఈ ఒప్పందం ఇళ్ల కార్యక్రమాలకు డబ్బు ఇచ్చే చోట, మందులతో చికిత్స తీసుకునేవారికి చోటివ్వాలని ప్రత్యేకంగా చెప్పింది. కౌంటీ రాసుకునే ఒప్పందంలో ఈ షరతు ఉందో లేదో చూడాలి. లేకపోతే డబ్బు తీసుకున్న ఇల్లే రేపు రోగిని గుమ్మంలో నిలబెడుతుంది.

వరంగల్_టు_షార్లెట్:

నలోక్సోన్ ముచ్చట చెప్పక్కా. అన్ని కౌంటీలు దాన్నే కొంటున్నట్టున్నయ్.

డ్యూటీ_నర్సు:

కొనడం తేలిక కాబట్టి. 4 మిల్లీగ్రాముల ముక్కు స్ప్రేని 2023 మార్చిలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడానికి ఒప్పుకుంది. పెట్టెకి రెండు డోసులు. ఇంజెక్షన్ సీసాలు చాలా చవక, అయితే వాడటం నేర్పాలి. తప్పు జరిగేది పంపిణీలో. సంవత్సరాంతంలో బడ్జెట్ మిగిలిందని ఒకేసారి వందల పెట్టెలు కొంటారు, గోదాములో తేదీ దాటిపోతాయి. ఇంకొన్ని పోలీసు కార్లలో వేసవి ఎండకి ఉండిపోతాయి. 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే మంచిది కాదు, మూసిన కారులో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ‘ఎన్ని కొన్నారు’ అని కాకుండా ‘ఎన్ని పంచారు, ఎవరి చేతికి’ అని అడగండి. వాడేవారికి, వాళ్ల ఇంట్లోవాళ్లకి చేరింది లెక్క.

కొలంబస్_కృష్ణ:

ఒహాయోలో పద్ధతి వేరు, పోల్చి చూస్తే మీకు తేడా తెలుస్తుంది. మా దగ్గర 55 శాతం వన్‌ఒహాయో రికవరీ ఫౌండేషన్ అనే ప్రైవేటు లాభాపేక్ష లేని సంస్థకి వెళ్తుంది, 30 శాతం స్థానిక ప్రభుత్వాలకి, 15 రాష్ట్రానికి. ఫౌండేషన్ రాష్ట్రాన్ని 19 ప్రాంతాలుగా చేసి గ్రాంట్లు ఇస్తుంది. దీర్ఘకాల ప్రణాళికకు అది మంచిదే. కానీ రికార్డులు చూపమంటే ‘మాది ప్రభుత్వ కార్యాలయం కాదు’ అన్నారు. గొడవ కోర్టుకెళ్లింది. 2023 లో ఒహాయో సుప్రీంకోర్టు ప్రజా రికార్డుల చట్టం దానికీ వర్తిస్తుందని చెప్పింది, తర్వాత శాసనసభ బడ్జెట్ చట్టంలో దాన్ని మళ్లీ సడలించింది. కౌంటీ చేతిలో డబ్బుంటే కనీసం సమావేశం తలుపు తెరిచి ఉంటుంది. వెస్ట్ వర్జీనియాలో అయితే ఏకంగా 72.5 శాతం ఫౌండేషన్‌కే.

పద్దుల_శాస్త్రి:

తలుపు తెరిచి ఉంటే సరిపోదు కృష్ణగారూ, నూరు చోట్ల నూరు తలుపులు. చిన్న కౌంటీలో ఫైనాన్స్ ఆఫీసులో ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్లే ఆస్తిపన్ను లెక్క, వాళ్లే ఇది. కేంద్రీకరణలో ఒకే చోట కాపలా పెడితే చాలు. నా మటుకు నాకు కౌంటీల పద్ధతే నయం అనిపిస్తుంది, అయితే నివేదికల షరతు గట్టిగా ఉన్నచోట మాత్రమే.

ఎందుకంటే జాతీయ ఒప్పందాలు చాలా వదులు. పంపిణీ కంపెనీల రాజీలో కనీసం 85 శాతం ఓపియాయిడ్ నష్ట నివారణకే పోవాలని ఉంది. కానీ ఆ ఒప్పందం తప్పనిసరిగా అడిగే నివేదిక ఆ పరిధి బయట పెట్టిన ఖర్చు గురించే. ‘మేం బయట ఏమీ పెట్టలేదు’ అంటే అక్కడితో సరి, లోపల దేనికి పెట్టారో చెప్పమని అది అడగదు. మిగతాదంతా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం రాసుకున్న నిబంధనే. ఇప్పటికే జనరల్ ఫండ్ నుంచి జీతమిస్తున్న ఉద్యోగిని ఈ ఫండ్‌లోకి మార్చి పాత డబ్బు మిగుల్చుకోవడాన్ని కొన్ని రాష్ట్రాలు చట్టంలోనే నిషేధించాయి, జాతీయ ఒప్పందంలో అలాంటి స్పష్టమైన నిషేధం లేదు. కాబట్టి స్ట్రాటజీ 11 కింద ‘జైలు నర్సు జీతం’ అని కనిపిస్తే, అది కొత్త పోస్టా, పాత పోస్టా అని అడగాలి.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే పొగాకు అనుభవం. 1998 లో 46 రాష్ట్రాలతో పొగాకు కంపెనీలు చేసుకున్న రాజీ తొలి 25 ఏళ్లకు 206 బిలియన్ డాలర్లది. ఎక్కువ చోట్ల అది రాష్ట్ర బడ్జెట్‌లో కలిసిపోయింది. నార్త్ కరోలినా వాటాలో సగం గోల్డెన్ లీఫ్ ఫౌండేషన్‌కి వెళ్లింది, దాని పని పొగాకు మీద ఆధారపడిన ఊళ్ల ఆర్థికాభివృద్ధి. పొగ మాన్పించడానికి చేరింది చాలా తక్కువ.

మోరిస్‌విల్_వాసి:

మరి నివేదికలు ఎక్కడ చూడాలి?

ఆర్‌టీపీ_రమణి:

కోర్-ఎన్‌సీ అనే వెబ్‌సైటు. కౌంటీ పేరు ఎంచుకుంటే ఎంత వచ్చింది, ఎంతకి అనుమతి ఇచ్చారు, ఎంత ఖర్చయింది అన్నీ ఉంటాయి. మూడు కాగితాలు చదవాలి. ఒకటి ఖర్చు అనుమతి తీర్మానం. రెండోది వార్షిక ఆర్థిక నివేదిక. మూడోది ప్రభావ నివేదిక. చివరి రెండూ ఆర్థిక సంవత్సరం ముగిసిన 90 రోజుల్లో, అంటే సెప్టెంబర్ నెలాఖరుకి ఇవ్వాలి. అక్టోబర్‌లో చూస్తే తాజావి దొరుకుతాయి.

నేను ముందు చూసేది అనుమతికి, ఖర్చుకి మధ్య తేడా. లక్షల డాలర్లకు అనుమతి ఇచ్చి పైసా కదలకపోతే సాధారణంగా కారణం మనుషులు దొరకకపోవడం లేదా ఒప్పందం ఎక్కడో ఆగిపోవడం. అది దుర్వినియోగం కాదు, కానీ అడగాల్సిందే. ఖర్చు అనుమతిని దాటితే అది ఆడిట్‌లో పడుతుంది.

ప్రభావ నివేదికలో మూడు రకాల కొలతలు ఉండాలి: ఎంత పని చేశారు, ఎంత బాగా చేశారు, ఎవరికైనా మేలు జరిగిందా. చాలామంది మొదటిదే నింపుతారు. ‘పీర్ సపోర్ట్ స్పెషలిస్ట్ (తానూ వ్యసనం నుంచి కోలుకుని ఇతరులకు తోడుండే మనిషి) 140 మందిని కలిశారు’ అంటే మొదటి రకం. వాళ్లలో ఎందరు చికిత్సలో చేరారు, ఆరు నెలల తర్వాత ఎందరు మిగిలారు అనేదే మూడో రకం. (140 నేను ఉదాహరణకి వేసిన అంకె.)

వరంగల్_టు_షార్లెట్:

తప్పు దొరికితే? డబ్బు గుంజుకుంటరా?

పద్దుల_శాస్త్రి:

మీరు అనుకున్నంత గట్టిగా కాదు. ఏటా బయటి సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) ఆడిట్ చేయాలి, అది రాష్ట్ర లోకల్ గవర్నమెంట్ కమిషన్‌కి చేరాలి. ఒప్పందానికి విరుద్ధమైన ఖర్చు బయటపడితే కౌంటీ అంత మొత్తాన్ని సరైన పనికి మళ్లించాలి. అంటే బండి కొంటే బండి విలువ జనరల్ ఫండ్ నుంచి తెచ్చి చికిత్సకు పెట్టాలి. ఆడిటర్ చూసేది మాత్రం ఫండ్ వేరుగా ఉందా, తీర్మానం ఉందా, రసీదు ఉందా అనే. ఆ ఖర్చు తెలివైనదా కాదా అన్నది ఆయన పని కాదు, ఓటర్ల పని.

మోరిస్‌విల్_వాసి:

ఏటా ఒకే మొత్తం వస్తుందా? మేం మూడేళ్ల కార్యక్రమం అడగాలనుకుంటే?

పద్దుల_శాస్త్రి:

రాదు. కౌంటీలు పప్పులో కాలేసేది ఇక్కడే. జాన్సన్ అండ్ జాన్సన్ డబ్బులో ఎక్కువ భాగం తొలి కొన్నేళ్లలోనే వచ్చేసింది. వాల్‌మార్ట్ దాదాపు అంతా మొదట్లోనే ఇచ్చింది. అలర్గన్ 7 ఏళ్లు, సీవీఎస్ 10, టెవా 13, వాల్‌గ్రీన్స్ 15, పంపిణీ కంపెనీలు 18. గ్రాఫ్ గీస్తే మొదట ఎత్తు, తర్వాత మెట్లు మెట్లుగా దిగుడు. మొదటి రెండేళ్ల మొత్తం చూసి శాశ్వత ఉద్యోగాలు సృష్టిస్తే నాలుగో ఏట జీతాలకి కటకట. సురక్షితమైన పద్ధతి: జీతాలు పంపిణీ కంపెనీల వాయిదాలతో, ఒక్కసారి ఖర్చులు ముందొచ్చిన మొత్తాలతో. బోర్డు ప్రాజెక్టు ఆర్డినెన్స్ రూపంలో అనుమతి ఇస్తే పలు ఏళ్లకు కలిపి ఒకే బడ్జెట్ పెట్టుకోవచ్చు, ఏటా కొత్తగా రాయక్కర్లేదు.

దివాలా తీసిన కంపెనీల డబ్బును ఇంట్లోకి వచ్చేదాకా నమ్మకూడదు. ఓపియాయిడ్ తయారీ కంపెనీ మాలిన్‌క్రాట్ 1.7 బిలియన్లు ఇస్తానని చెప్పి, 2023 లో రెండోసారి దివాలాకెళ్లి సుమారు ఒక బిలియన్ తగ్గించుకుంది. మరో తయారీ కంపెనీ పర్డ్యూ పెట్టిన మొదటి దివాలా ప్లాన్‌ని 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. 7.4 బిలియన్ల కొత్త ప్లాన్‌కి 2025 నవంబర్‌లో దివాలా కోర్టు ఒప్పుకుంది.

కొలంబస్_కృష్ణ:

2025 జులైలో ఎనిమిది మందుల తయారీ కంపెనీలతో 720 మిలియన్ల రాజీ కూడా ప్రకటించారు. అందులో మన దేశపు సన్ ఫార్మా, జైడస్ ఉన్నాయి. వాటి వంతు చిన్నదే, 30 మిలియన్లు ఒకటి, 15 లోపు ఇంకొకటి.

మోరిస్‌విల్_వాసి:

అర్థమైంది. స్ట్రాటజీ 6 కింద దరఖాస్తు అంటే కౌంటీలో ఎవరిని కలవాలి?

ఆర్‌టీపీ_రమణి:

ఎక్కువ చోట్ల హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో దీనికోసం ఒక సమన్వయకర్త ఉంటారు. దరఖాస్తుల ప్రకటన ఏ నెలలో వస్తుందో ముందే అడిగి పెట్టుకోండి. ఒప్పందం ప్రకారం ప్రతి కౌంటీ ఏటా కనీసం ఒక బహిరంగ సమావేశం పెట్టి, తన పరిధిలోని మున్సిపాలిటీలన్నిటినీ పిలిచి సలహాలు తీసుకోవాలి. అక్కడ మాట్లాడితే అది మినిట్స్‌లోకి ఎక్కుతుంది, రేపు బి ఆప్షన్ ప్రణాళిక మొదలుపెడితే మీ సంఘాన్ని పిలుస్తారు.

దరఖాస్తుకి ముందు ఇవి సిద్ధం చేసుకోండి: సంఘానికి ఫెడరల్ పన్ను మినహాయింపు పత్రం, బాధ్యతా బీమా, గత ఏడాది లెక్కలు. చాలా కౌంటీలు ముందు డబ్బివ్వవు, మీరు ఖర్చుపెట్టి రసీదులు పంపితే నెలకో మూడు నెలలకో తిరిగిస్తాయి. కాబట్టి కనీసం మూడు నెలల ఖర్చు సంఘం ఖాతాలో ఉండాలి. ఒప్పందం ప్రకారం కౌంటీ ఈ రికార్డుల్ని కనీసం అయిదేళ్లు దాచాలి, కాబట్టి మీరూ అంతే దాచండి. హాజరు పట్టీలో పేర్లు వద్దు, సంఖ్య, జిప్ కోడ్ చాలు. మన వాళ్లు పేరు రాయాలంటే రారు.

డ్యూటీ_నర్సు:

శిక్షణ చివర నలోక్సోన్ పెట్టెలు పంచాలనుకుంటే అది స్ట్రాటజీ 7. తీర్మానంలో 6 కి, 7 కి విడివిడిగా మొత్తాలు వేయించుకోండి. ఒకదాని డబ్బు ఇంకోదానికి వాడితే శాస్త్రిగారు చెప్పిన ఆడిట్‌లో దొరికిపోతారు.